హైదరాబాదు నగర సందర్శనము – ఒక పాఠము



ప్రతి సంవత్సరమును మన పాఠశాల పై తరగతుల విద్యార్థులు హైదరాబాదు చూడబోవుట వాడుక. తిరిగివచ్చిన పిమ్మట "ఏమి చూచితిరి?" అని మేమడిగినచో, "చార్మినారు చూచితిమి, గోలకొండ చూచితిమి, మ్యూజియములో గడియారము చూచితిమి" అని యొక పట్టిక యొప్పగింతురు. "వాని వలన నేమి నేర్చుకొంటిరి?" అని యడిగినచో మౌనము వహింతురు. ఇది వారి తప్పు కాదు. ముందుగా పాఠము చెప్పక పంపిన మా తప్పు. కావున ఈ సంవత్సరము పయనమునకు ముందే యీ పాఠమును వ్రాయుచున్నాము.

మఱియొక కారణమును గలదు. గత సంవత్సరము ఒక విద్యార్థి తండ్రి మా యొద్దకు వచ్చి, "పంతులుగారూ, మా వానిని మసీదులకును గుళ్లకును తీసికొనిపోవుట మన విశ్వాసమునకు తగునా?" అని యడిగెను. ఆయన భక్తిపరుడు. ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. అప్పుడు రెండు మాటలలో సమాధానము చెప్పితిమి గాని, అది చాలదని మాకే తోచెను. ఈ పాఠము చివర ఆ ప్రశ్నకు మరల వత్తుము.

హైదరాబాదు ఒక్క జాతివారు గాని, ఒక్క మతమువారు గాని, ఒక్క భాషవారు గాని కట్టిన నగరము కాదు. కావున అచ్చట ఏ కట్టడము నెదుట నిలిచినను మూడు ప్రశ్నలు వేసికొనుడు: దీనిని ఎవరు కట్టిరి? ఎవరికొఱకు కట్టిరి? దీని ప్రక్కను ఎవరికి చోటు దొరకెను? ఈ మూడవ ప్రశ్నయే ముఖ్యమైనది. రాజులు కోటలు కట్టుట ఎల్ల దేశములలోను గలదు. ప్రక్కవానికి చోటిచ్చుట అన్ని చోట్లను లేదు.

1. పోవు త్రోవ

మన మునగాల సూర్యాపేటకును కోదాడకును నడుమ, 65వ జాతీయ రహదారిపై నున్నది. ఇచ్చటనుండి హైదరాబాదు 150 కిలోమీటర్లకు పైచిలుకు దూరము. ఇది క్రొత్త త్రోవ యనుకొనకుడు. గోలకొండ సుల్తానుల కాలములో మచిలీపట్టణపు రేవునుండి రాజధానికి పోవు బాట ఈ ప్రాంతముల మీదుగనే సాగెడిది. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున వర్తక స్థావరము నేర్పరచుకొనిరి. వారికంటె ముందే పారసీక వర్తకులును, హాలెండు దేశస్థులును ఆ రేవున దిగియుండిరి. అద్దకపు వస్త్రములు, ఇనుము, కృష్ణాతీరమందలి కొల్లూరు గనుల వజ్రములు ఆ కాలపు వర్తకములో పేరెన్నికగన్న సరకులు. అనగా పలు దేశముల వారు హైదరాబాదునకు పోవుచు మన ముంగిటి మీదుగ నడచిరి.

నగరము సమీపించుచుండగా మొదట హయత్‌నగరము వచ్చును. అది మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తెయగు హయాత్ బక్షీ బేగము పేరిట వెలసినది. తరువాత దిల్‌సుఖ్‌నగరము దాటి మలకుపేట చేరకముందే, ఆస్మాన్‌గఢ్ గుట్టమీద సుమారు ఏడు మీటర్ల యెత్తుగల ఒక రాతి స్తంభము గలదు. సందర్శకులు సాధారణముగా దీనిని చూడరు. మీరు తప్పక చూడుడు. ఇది 1798లో మరణించిన రేమండు అను ఫ్రెంచి సేనాని సమాధి. అతడు నిజామునకు సైన్యమును తీర్చిదిద్దెను, ఫిరంగులు పోయించెను. ఆతడు క్రైస్తవుడు, పరదేశి. అయినను నగరవాసు లాతనిని మిక్కిలి ప్రేమించిరి. ముసల్మానులు "మూసా రహీము" అనియు, హిందువులు "మూసా రాము" అనియు అతనిని పిలుచుకొనిరి. సమీపమందలి మూసారాంబాగు అను పేట పేరు అతని వలననే వచ్చినదని చెప్పుదురు. సమాధి ప్రక్కనున్న మండపము 2001లో కూలగా మరల కట్టబడినది. ఒకే మనుష్యుని ఇరుగుపొరుగులు తమ తమ భాషలో తమవానిగా చేసికొనిన ఈ చోటు మన పాఠమునకు మొదటి పుట.

2. కోఠి, సుల్తాను బజారు

అచ్చటనుండి చాదరుఘాటు వంతెన దాటినచో కోఠి చేరుదుము. ఇచ్చట గొప్ప స్తంభములును, మెట్లును, సింహపు బొమ్మలును గల తెల్లని భవనము బ్రిటిషు రెసిడెన్సీ. కంపెనీవారి రెసిడెంటుగా నుండిన జేమ్సు అకిలీసు కర్కుపాట్రికు 19వ శతాబ్దపు తొలి యేండ్లలో దీనిని కట్టించెను. అతడు ఖైరున్నిసా అను ముసల్మాను వనితను వివాహమాడెను. ఆమె ఘోషాలో నుండుటచేత పెద్ద భవనము ముందటి వైభవమును చూడజాలదని, ఆ భవనమునకు చిన్న నమూనా నొకదానిని జనానా తోటలో కట్టించెనని చెప్పుదురు. దాని యవశేషములు నేటికిని గలవు. తరువాతి కాలములో ఈ భవనము మహిళా కళాశాల యాయెను. 2022లో మహిళా విశ్వవిద్యాలయమయ్యెను. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడినది. తన పొలము కొఱకు దేశముఖునెదిరించిన పాలకుర్తి రైతుస్త్రీ పేరు పరదేశ ప్రభువు భవనముపై నిలుచునని దానిని కట్టినవారు ఊహించియుందురా? బాలికలారా, ఈ ద్వారము మీకొఱకే తెఱచియున్నది.

దీనికి దగ్గరనే సుల్తాను బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము గలదు. ఇది పెద్ద కట్టడము కాదు. విదేశీయులకొఱకు ముద్రించు మార్గదర్శి పుస్తకములలో అరుదుగా కనబడును. కాని మునగాలవాసులమగు మనము తల యెత్తి చూడదగిన స్థలమిది. నిజాము రాజ్యమున జనులలో సుమారు సగము తెలుగువారైనను, కచేరీలలోను పెద్ద చదువులలోను తెలుగునకు చోటు లేకుండెను. ఆ దినములలో, 1901 సెప్టెంబరు 1వ తేదీన, రావిచెట్టు రంగారావుగారి యింట ఈ గ్రంథాలయము స్థాపింపబడెను. దానికి తోడ్పడినవారిలో ముఖ్యులు మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారును, వారి దివానైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును. వీరే 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున ముద్రింపించిరి. ఆ మండలి తొలి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము.

అప్పుడు మునగాల పరగణా కృష్ణా మండలములోని భాగము. అనగా చెన్నపురి రాజధానికి చేరినది. నాలుగు వైపులను నిజాము సీమ యుండ నడుమ ద్వీపమువలె నుండెను. 1959లో నల్లగొండ జిల్లాలో చేరెను. 2016నుండి సూర్యాపేట జిల్లాలో నున్నది. ఇట్టి చిన్న సీమనుండి పోయిన చేయి రాజధానిలో తెలుగు దీపము వెలిగించెను. అయితే చరిత్రము చదువువారు సగము చెప్పి సగము దాచరాదు. ఈ జమీందారీలోనే వెట్టికిని అధిక వసూళ్లకును ఎదురు తిరిగి రైతులు 1930 తరువాతి సంవత్సరములలో ఉద్యమించిరి. గ్రంథాలయమునకు దానము చేసిన మేలును, పల్లెలోని రైతు కష్టమును రెండింటిని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

3. మూసీ యొడ్డు

కోఠినుండి అఫ్జల్‌గంజునకు దిగుదము. ఇచ్చట ఉస్మానియా ఆసుపత్రి యావరణములో ఒక ముసలి చింతచెట్టు గలదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరముపై బడెను. వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. ఆ చెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని అచ్చటివారు చెప్పుదురు. ఆ రాత్రి కొమ్మమీదనున్నవాడు ప్రక్కవానికి చేయి అందించుటకు ముందు "నీ కులమేమి, నీ మతమేమి?" అని యడిగియుండునా? నగరమందలి రాతి కట్టడములన్నిటికంటె ఈ చెట్టే మాకు గొప్పదిగా తోచును. హైదరాబాదు ఉర్దూ కవి అమ్జద్ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడే మిగిలెను. వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీ మీద ఉస్మాను సాగరమును (1920), దాని యుపనది యీసీ మీద హిమాయతు సాగరమును (1927) కట్టిరి.

నదికి దక్షిణపు టొడ్డున సాలారుజంగు మ్యూజియము గలదు. మూడవ సాలారుజంగు మీర్ యూసుఫ్ అలీఖాను (1889–1949) వివాహమాడక తన ఐశ్వర్యమునంతయు వస్తుసేకరణకే వెచ్చించెను. ఆయన మరణానంతరము 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దీనిని ప్రారంభించిరి. 1968లో ఇప్పటి భవనమునకు మార్చిరి. ఇచ్చట గంట గంటకు బొమ్మ వచ్చి గంట కొట్టు గడియారము చుట్టు అందఱు గుమిగూడుదురు. మీరు అదియు చూడుడు. కాని "ముసుగు రెబెకా" అను పాలరాతి బొమ్మ యెదుట కొంచెముసేపు నిలుచుడు. మన వేదపాఠములలోని రిబ్కాయే ఈమె. ఇస్సాకును దూరమునుండి చూచి ఒంటె దిగి ముసుగు వేసికొనిన కన్య. రాతిలో చెక్కిన ముసుగు వెనుక ముఖము కనబడును. దీనిని చెక్కినవాడు ఇటలీదేశపు శిల్పి బెన్‌జోని. 1876లో రోములో కొన్నవాడు మొదటి సాలారుజంగు. హెబ్రీయుల కథ, ఇటలీ చేతిపని, ముసల్మాను మంత్రి యభిరుచి, నేడు చూచువారు మునగాల బాలురు. ఒక్క రాతిలో ఎన్ని దేశములు కలిసినవో లెక్కింపుడు.

4. చార్మినారు

కుతుబ్ షాహీ వంశమువాడైన మహమ్మద్ కులీ 1591లో, హిజరీ శకము వేయి సంవత్సరములు నిండుచున్న కాలమున, ఈ నగరమును దాని నడుమ చార్మినారును నిర్మించెను. నాలుగు ప్రక్కలును సమానముగా, ఒక్కొక్కటి సుమారు 20 మీటర్లు. నాలుగు కమానులు నాలుగు దిక్కుల వీథులకు తెఱచియుండును. పైయంతస్తులో మసీదు గలదు. నగర రచనలో ముఖ్యుడు ఇరానునుండి వచ్చిన మంత్రి మీర్ మోమిన్. రాజు స్వయముగా దక్కనీ ఉర్దూలో కవిత్వము చెప్పిన రసికుడు. దగ్గరనున్న మక్కామసీదు అతని వారసుడగు మహమ్మద్ కుతుబ్ షా కాలములో ఆరంభమై, 1694లో ఔరంగజేబు కాలములో ముగిసెను. కట్టుట ఒక వంశము, ముగించుట ఆ వంశమును కూల్చిన చక్రవర్తి.

ఉత్తరముగా పత్తరుగట్టి దాటినచో బాద్షాహీ ఆషూర్ఖానా గలదు. దాని గోడలపై నాలుగు వందల యేండ్లనాటి పారసీక రీతి రంగుపలకలు నేటికిని మెఱయుచున్నవి. మొహర్రములో పీరులు నిలుపు స్థలమిది. మన పల్లెలలో పీర్ల పండుగనాడు కులమతభేదము లేక జనులు గుండము చుట్టు ఆడుట మీరెఱిగినదే. ఆ ఆచారమునకు రాజధాని మూలమిచ్చట చూడవచ్చును.

ఈ పాతబస్తీ చుట్టు ఉన్న పేటల పేళ్లే ఒక భూగోళపాఠము. బార్కసు అనునది సైనిక బ్యారకుల పేరు; అచ్చట నున్నవారు హద్రమౌతునుండి వచ్చిన అరబ్బుల సంతతి. ఏ.సి. గార్డ్సు అనగా ఆఫ్రికా అశ్వికదళము. హబ్షీలు కాపురమున్న పేట. 1832లో పంజాబునుండి వచ్చిన సిక్కు సైనికుల వంశమువారు నేడును తమ గురుద్వారములతో నున్నారు. ఆబిడ్సు ప్రాంతమునను, సికింద్రాబాదునను పారసీకుల అగ్నిదేవాలయములు గలవు. వానిలోనికి అన్యులకు ప్రవేశము లేదు. వెలుపలనే నిలిచి గౌరవముతో చూచి కదలుట మర్యాద.

5. గోలకొండ

రెండవ దినము ఉదయము గోలకొండకు పోవుదము. కాకతీయులనాటి మట్టికోట బహమనీల చేతికి పోయి, 1518నుండి కుతుబ్ షాహీలకు రాజధానియై రాతికోట యాయెను. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు కొట్టినచో పైనున్న బాలాహిస్సారులో వినబడును. ధ్వని గుండ్రని పైకప్పున తగిలి ఏలాగు పరావర్తన మొందునో విజ్ఞానశాస్త్రములో చదివితిరి. ఇచ్చట చెవులార వినుడు. కావలివారికి శత్రువు రాకను తెలుపుటకు అది పనికివచ్చెను.

ఈ రాజులలో ఇబ్రహీము (1550–1580) చరిత్రము గమనింపదగినది. రాజ్యమునకు రాకముందు అతడు ప్రాణభయముచే విజయనగరమున శరణు పొంది యేడేండ్లుండెను. అచ్చట తెలుగు రుచి మరగెను. తెలుగు కవులాతనిని "మల్కిభరాము" అని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకితమిచ్చెను. ఆయన యుద్యోగియగు అమీనుఖానునకు పొన్నగంటి తెలగన్న యయాతి చరిత్రమును అంకితము చేసెను. అది అచ్చతెలుగున వెలువడిన తొలి కావ్యము. అయినను ఆ ఇబ్రహీమే 1565లో, తనకు శరణిచ్చిన విజయనగరముపై యుద్ధమునకు పోయినవారితో చేరెను. మనుష్యుని హృదయములో కృతజ్ఞతయు రాజ్యకాంక్షయు ఒక్కచోట నుండగలవు.

కోటలోపల కంచర్ల గోపన్న, అనగా రామదాసు, బందీగా నున్నట్లు చెప్పు చెఱసాలయు, కొండమీద జగదంబ గుడియు, మసీదును గలవు. ఆషాఢమాసమున నగరపు బోనాలు ఈ గుడినుండియే మొదలగును. చివరి సుల్తాను అబుల్ హసను కొలువులో అక్కన్న మాదన్నలు మంత్రులు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, లోపలివాని ద్రోహము వలన కోట ఔరంగజేబు వశమయ్యెను. సమీపమున ఆ రాజుల గోరీలు గలవు. 2013లో మొదలైన పెద్ద జీర్ణోద్ధారణము 2024లో ముగియుటచేత, మునుపు పొదలలో నున్న బావులును గోపురములును ఇప్పుడు చక్కగా కనబడుచున్నవి.

6. హుస్సేన్ సాగరము, సికింద్రాబాదు

పై ఇబ్రహీము కాలముననే త్రవ్వబడిన హుస్సేన్ సాగరము నడుమ ఏకశిలా బుద్ధవిగ్రహము నిలిచియున్నది. ఇది సుమారు 18 మీటర్ల యెత్తు. భువనగిరి దగ్గరి రాయిగిరి కొండ రాతినుండి చెక్కబడెను. 1990 మార్చిలో దీనిని చెఱువులోనికి తీసికొనిపోవుచుండగా పడవ ఒరిగి విగ్రహము మునిగెను. పనివారు కొందఱు ప్రాణములు కోల్పోయిరి. 1992లో దానిని పైకెత్తి నిలిపిరి. అందఱును విగ్రహమును చూతురు. ఆ కూలివాండ్రను మీరైనను తలంపుడు. బుద్ధుడు మనకు క్రొత్తవాడు కాడు. మన జిల్లాలోని ఫణిగిరి కొండమీద వేయేండ్లకు మునుపే బౌద్ధ భిక్షువులుండిరి. ఫణిగిరి శిల్పములు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో ప్రదర్శింపబడినవి. పొరుగింటి పుల్లకూర రుచియన్నట్లు మనము దూరపు వింతలకు పోవుచు, దగ్గరి ఫణిగిరిని మఱచితిమి.

చెఱువు గట్టున నౌబతు పహాడు మీద 1976లో ప్రతిష్ఠ జరిగిన తెల్లని పాలరాతి వేంకటేశ్వరాలయము గలదు. చెఱువు దాటినచో సికింద్రాబాదు. ఇది 1806లో సికందరు జా నిజాము పేరిట వెలసిన ఆంగ్ల సైన్యపు విడిది. 1813నాటి పరిశుద్ధ యోహాను దేవాలయము ఇచ్చటి ప్రాచీన క్రైస్తవాలయములలో నొకటి. పరిశుద్ధ మరియమ్మ దేవాలయము 1850నాటిది. ఇచ్చటి సంఘములలో ఆంగ్లము, తమిళము, తెలుగు మూడు భాషలలోను ఆరాధన జరుగుట గలదు. సైన్యముతో వచ్చిన తమిళుల మూలముగా ఆ భాష ఇచ్చట నాటుకొన్నది. దగ్గరనే ఉజ్జయినీ మహంకాళి గుడి గలదు. 1815లో దానిని స్థాపించినవాడు సైన్యములో డోలీ మోసిన సురిటి అప్పయ్య అని చెప్పుదురు. చర్చి గంటయు గుడి గంటయు ఒకే సైన్యపు విడిదిలో వినబడినవి.

7. చూచువారికి సూచనలు

శుక్రవారము పోకుడు, ఆ దినము సాలారుజంగు మ్యూజియము మూసియుండును, మక్కామసీదులో జుమ్మా నమాజు జరుగును. మసీదులోను గుడిలోను చెప్పులు విడువుడు. తలను, భుజములను కప్పుకొనుడు. ప్రార్థనలో నున్నవారి ఎదుట నడువకుడు. వారి ఫొటోలు తీయకుడు. గోడలమీద పేళ్లు చెక్కకుడు. అర్థము కాని ఆచారమును చూచి నవ్వకుడు. బయటికి వచ్చిన పిమ్మట మమ్మడుగుడు.

8. ఆ తండ్రికి మా సమాధానము

ఈ నగరము స్వర్గమని మేము చెప్పలేదు. 1948లో రాజ్యము మారిన వేళ చాల రక్తము చిందెను. 2007 మే 18న మక్కామసీదులోను, అదే సంవత్సరము ఆగస్టు 25న లుంబినీ వనములోను, కోఠిలోని యొక ఫలహారశాల యొద్దను బాంబులు ప్రేలెను. ఆగస్టు నెలలో 40 మందికి పైగా మరణించిరి. ఇరుగుపొరుగు స్నేహము దానంతట నది నిలుచునది కాదు; ప్రతి తరమువారును దానిని మరల నేర్చుకొనవలెను. నేర్చుకొనుటకు మొదటి మెట్టు పొరుగువాని యింటి గడప నెఱుగుట.

పౌలు ఏథెన్సు పట్టణమున కన్నులు మూసికొని నడువలేదు. వారి పూజాస్థానములను శ్రద్ధతో చూచెను. అచ్చటి బలిపీఠముపై వ్రాతను చదివెను. దానితోనే తన మాట నారంభించెను. అతని యాత్మ కలవరపడినను అతడు వారిని పరిహసింపలేదు. అతని విశ్వాసమును తగ్గలేదు. చూచుట వేరు, మ్రొక్కుట వేరు. మీ బిడ్డను మేము మ్రొక్కుమని తీసికొనిపోము. చూడుమని, ఎఱుగుమని తీసికొనిపోవుదుము. తన విశ్వాసము గట్టిగా నున్నవాడు పొరుగువాని ప్రార్థనను చూచి భయపడడు. మన యూరిలో మసీదుప్రక్కను గుడి, గుడిప్రక్కను మన ప్రార్థనామందిరము ఉన్నవి గదా. రేపు ఈ పిల్లవాడు ఒకే కార్యాలయములోనో, ఒకే ఆసుపత్రిలోనో పొరుగు మతమువానితో పనిచేయవలసినవాడే. ఎఱుగని వానిని గూర్చి ఎవ రేమి చెప్పినను నమ్ముదుము. ఎఱిగినవానిని గూర్చి అట్లు నమ్మము.

తుదకు మూసీని తలంపుడు. ఆ నది నగరములో ఆగదు. మన సూర్యాపేట ప్రాంతపు పొలములను తడిపి, మిర్యాలగూడ దిక్కున వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. నగరము నదిలో విడిచిన మురికి మన పొలములకు వచ్చుచున్నది. నగరపు మేలును కీడును రెండును మన యింటికి చేరునవే. కావున ఆ నగరము ఎట్లుండునో మనకు పట్టని సంగతి కాదు.

ప్రశ్నలు

1. రేమండును నగరవాసులు ఏయే పేళ్లతో పిలిచిరి? దానివలన మీరేమి గ్రహించితిరి?

2. 1901లో స్థాపింపబడిన గ్రంథాలయమునకును మునగాలకును గల సంబంధమును వివరింపుడు.

3. ఇబ్రహీము కుతుబ్ షా విజయనగరమునకు చేసినది న్యాయమా? కారణములతో వ్రాయుడు.

4. ముసుగు రెబెకా విగ్రహములో కలిసిన దేశముల పేళ్లు వ్రాసి, పటములో గుర్తింపుడు.

5. మీ గ్రామములో వేఱు మతమువారు కలిసి చేయు పండుగ గాని పని గాని యొకటి యున్నదా? మీ తాతనో అవ్వనో అడిగి తెలిసికొని, పది పంక్తులు వ్రాసికొని రండు. దీనికి మార్కులు లేవు. కాని మొదట దీనినే చదువుదుము.